పరదా ఎనుక చాయ్

యేసుదాసు చేతి మీద తెల్లమచ్చను ముందుగాల చూసింది ఆయన కాదు, మల్లన్న. మల్లన్న పత్తి మార్కెట్ల హమాలీలకు మేస్త్రి. పద్దెనిమిదేండ్ల సంది పొద్దుగాల హోటల్ తెరువంగనే వచ్చి బల్ల మీద కూసునేటోడు. ఆ పొద్దు గిలాస అందుకుంటా అడిగిండు.

"దాసూ, బొటనవేలి కాడ ఏందది, సున్నం అంటిందా?"

యేసుదాసు చూసుకున్నడు. గోరు కింద శెనగ గింజంత తెలుపు. లుంగీకి రుద్దిండు. పోలే. "ఏదో అంటి ఉంటది తియ్" అని ఇంకో గిలాస నింపిండు.

హోటల్ అంటె పెద్దదేం కాదు. నిర్మల్ల భైంసా రోడ్డు మీద చర్చి సంఘం జాగల ఒక రేకుల షెడ్డు, రెండు బల్లలు, ఒక పొయ్యి. టిఫిన్ ఉండది, మిర్చి ఉండది. చాయ్ ఒక్కటే. యేసుదాసు వాళ్ల బాపు మిషన్ హాస్టల్ల వంటమనిషి. చలికాలం హాస్టల్ పిల్లలకు పోసే మసాలా చాయ్ ఆయన దగ్గర్నే నేర్చుకున్నడు యేసుదాసు. రోజూ తెల్లారకముందే లేసి ఇలాయిచి, లవంగం, చెక్క, నాలుగు మిరియాలు పెనం మీద వేడి చేసి ఇనుప రోట్ల దంచేటోడు. అల్లం మాత్రం ఏ గిన్నెకాగిన్నె అప్పటికప్పుడు నలగ్గొట్టేటోడు. నీళ్లు మసిలినంక అల్లం, అల్లం పచ్చివాసన పోయినంక చాయ్‌పత్త, ఎర్రగ దిగినంక చిక్కటి బర్రె పాలు. మసాలా ఎన్నడు చెంచాతోటి వేయలే. మూడు వేళ్లతోటి తీసి, పాలు పొంగుకొచ్చే గడియ చూసి పైకెల్లి చల్లేటోడు. మూడు పొంగులు రానిచ్చి దించేటోడు. ఆ వాసనకు రోడ్డు అవతల బస్సు దిగినోళ్లు ఇవతలికి నడిచొచ్చేటోళ్లు. చలికాలం ఆదిలాబాద్ దిక్కు పోయే లారీ డ్రైవర్లు ఈడ ఆపి, తాగినంకనే ఘాట్ ఎక్కుదురు.

"చేతి మహిమ దాసూ," అనేటోడు మల్లన్న, సాసర్ల పోసుకొని ఊదుకుంటా. "మా ఇంట్లామె కూడ గవ్వే వేస్తది. గీ రుచి రాదు."

దసరా పోయి పత్తి రాక మొదలయ్యేసరికి శెనగ గింజంతది రూపాయి బిళ్లంత అయింది. తర్వాత వేళ్లన్నీ పాకింది. క్రిస్మస్ నెల వచ్చేసరికి రెండు చేతులు మణికట్టు దాక తెల్లబడ్డయి, నడుమ నడుమ పాత రంగు మిగిలింది. నొప్పి లేదు, దురద లేదు. యేసుదాసు పెండ్లాంను ఎంట తీస్కొని సర్కారు దవాఖానకు పోయిండు. డాక్టరమ్మ చేతులు పట్టుకొని తిప్పి తిప్పి చూసింది.

"బొల్లి ఇది. అంటురోగం కాదు. ముట్టుకుంటె రాదు, కలిసి తింటె రాదు. మందులు వాడు, జర టైం పడ్తది."

"అదే ముచ్చట తెలుగుల రాసియ్యుండ్రి మేడం," అన్నడు యేసుదాసు.

ఆమె నవ్వి, చీటీ ఎనుక రాసి సంతకం పెట్టింది. యేసుదాసు దానికి ప్లాస్టిక్ వేపిచ్చి పొయ్యి పక్కన మొలకు తగిలేసిండు. చదివితె అందరికి నిమ్మలమైతదని ఆయన అనుకున్నడు. అప్పటిదాక చేతుల దిక్కు చూడనోళ్లు గుడ చీటీ చదివి, చేతుల దిక్కు చూసుడు మొదలువెట్టిండ్రు.

ఎవ్వలు మొఖం మీద ఏం అనలే. ఒకడు షుగర్ వచ్చిందన్నడు. ఒకడు పొద్దుగాల చాయ్ తాగితె కడుపుల మంట అన్నడు. డ్రైవర్లు ఏం చెప్పకుంటనే లారీలు ఆపుడు బంద్ చేసిండ్రు. మల్లన్న ఇంటికెల్లి స్టీలు గిలాస తెచ్చుకున్నడు. "మా మనుమరాలు కొనిచ్చింది, దీంట్లనే తాగుమన్నది" అన్నడు. యేసుదాసు ఆ గిలాసను చేతుల పట్టుకొని నింపబోతుంటె, "కింద పెట్టినగద, పైకెల్లి పోయ్, సాలు" అన్నడు. వారం దినాలకు ఆ గిలాస కూడ రాలే.

రోడ్డుకు అవతల, సరీగ ఎదురుంగ, కరుణాకర్ హోటల్ ఉంది. కరుణాకర్ పదేండ్లు మస్కట్ల చాయ్ హోటల్ల చేసి వచ్చినోడు. ముందట అద్దం, స్టీలు బల్ల, గోడకు అరబ్బీల రాసిన బోర్డు. చేతులకు పల్చటి ప్లాస్టిక్ తొడుగులు వేసుకొని చాయ్ పోస్తడు. హోటల్ తెరిచిన కొత్తల, "ఏమిరా, ఆపరేషన్ చేస్తున్నవా?" అని మల్లన్ననే నవ్విండు. ఆ చాయ్ నీళ్లగ ఉంటదని, డబ్బా మసాలా వాసనొస్తదని అందరు అనేటోళ్లు. ఇప్పుడు అందరు ఆడనే కూసుంటుండ్రు. కరుణాకర్ యేసుదాసు మీద ఒక్క చెడ్డమాట మాట్లాడలే. ఎవలన్న, "దాసుది అంటుకుంటదా?" అని అడిగితె తన చేతులకున్న తొడుగులు సవరించుకునేటోడు.

"మనకెందుకన్నా. దేవుడు ఆయనను చల్లగ చూడాలె."

ఆదివారం ఆరాధన అయినంక సంఘంల అందరికి చాయ్ పోసుడు పన్నెండేండ్ల సంది యేసుదాసు పనే. క్రిస్మస్ కంటె ముందటి ఆదివారం సంఘపెద్ద నాగయ్య ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకు తీస్కపోయిండు. చొక్కా ఉన్న కాడనే చెయ్యేసిండు.

"తమ్మీ, గీ పండుగకు నువ్వు జర రెస్ట్ తీస్కో. చాయ్ పని ఆడోళ్లు చూస్కుంటరు. నువ్వు కుర్చీలు చూడు."

యేసుదాసు కుర్చీలు వేసిండు. ముందటి వరుసల ఒకామె కూసునే ముందు కొంగుతోటి కుర్చీని తుడిచింది. దుమ్ము ఉండి తుడిచిందో, ఇంకెందుకు తుడిచిందో ఆయనకు తెల్వలే. పాటలు పాడినంత సేపు ఆ కొంగు దిక్కే చూసిండు.

యేసుదాసు పెండ్లాం లిడియా మాట తక్కువ మనిషి. పెండ్లయి పందొమ్మిదేండ్లు. బిడ్డ ఆరాధన ఇంటర్ మొదటి ఏడు. పొయ్యి మీద పెట్టిన పాలు పెట్టినట్టే విరిగిపోవుడు నెల దినాలు చూసి, ఒకనాడు అన్నం తినేటప్పుడు లిడియా అన్నది.

"నువ్వు ముందట ఉంటె హోటల్ నడువది. నువ్వు లేకుంటె ఆ చాయ్ రాదు. నువ్వు ఉండాలె, కనవడొద్దు."

మర్నాడు షెడ్డు నడుమ ముదురు నీలం దుప్పటి పరదా కట్టింది. ఎనుక పొయ్యి, రోలు, యేసుదాసు. ముందట గిలాసలు, కెటిలు, లిడియా. మందు కోసం కరీంనగర్ల అక్క ఇంటికి పోయిండని, వచ్చేసరికి ఏడాది అయితదని అందరికి చెప్పింది. డాక్టరమ్మ చీటీ తీసి పొయ్యిల వేసింది. యేసుదాసు అడ్డం చెప్పలే. తన చాయ్ మల్ల జనం తాగుతరు గద అని ఆయనకు లోపట ఆశ ఉండె.

తెల్లారకముందు పోయి పరదా ఎనుక కూసునేటోడు. రోడ్డు ఖాళీ అయ్యే మిట్టమధ్యాహ్నం టవల్ కప్పుకొని ఇంటికొచ్చేటోడు. దగ్గొద్దు. ఫోన్ మోగొద్దు. ఒంటేలుకు లేవొద్దు. అల్లం దంచే చప్పుడు వినవడకుంట రోలు కింద గోనెసంచి మడిచి పెట్టింది లిడియా.

జనం మల్ల వచ్చిండ్రు. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది, పదిహేను రోజులకు బల్లల మీద జాగ లేదు. మల్లన్న గూడ వచ్చి తన పాత జాగల కూసున్నడు. మొదటి గుటక మింగి, ఊపిరి వదిలిండు.

"చెల్లే, దాసు కన్న నీ చెయ్యే మంచిగున్నది."

పరదా ఎనుక యేసుదాసు మోకాళ్ల మీద తల పెట్టుకొని నవ్వుకున్నడు. ఆ దినం చాన సంబురపడ్డడు.

కాని పరదా ఎనుక కూసున్నోనికి అన్ని మాటలు వినవడ్తయి. తను లేడనుకొని జనం మాట్లాడే మాటలు. ఎవరో తన చేతులను ఉడుకబెట్టిన కోడి తోలుతోటి పోల్చిండు. ఇంకెవరో, ఏం పాపం చేసిండో అన్నడు. సంక్రాంతి పోయిన వారం ఒక పొద్దు మల్లన్న గొంతు లేసింది.

"పద్దెనిమిదేండ్లు తాగిన గా చేతులతోటి. ఇప్పుడు యాదికొస్తె కడుపుల దేవుతది. ఆ మూడు వేళ్లు పెట్టి మసాలా చల్లేటోడు సూడు. థూ."

అందరు నవ్విండ్రు. ఆ నవ్వులల్ల లిడియా నవ్వు కూడ ఉంది. యేసుదాసు దాన్ని గుర్తుపట్టిండు. "ఏం చేస్త అన్నా, నా నసీబు," అన్నది లిడియా నవ్వుకుంటనే. అప్పుడే పాలు పొంగొచ్చినయి. యేసుదాసు లేసి మూడు వేళ్లతోటి మసాలా తీసిండు, చల్లిండు, దించిండు. కెటిలు నింపి పరదా కిందికెల్లి ముందటికి తోసిండు.

ఇంటికొచ్చినంక ఆ నవ్వు గురించి అడగలే. గిరాకి కోసం నవ్వింది, నవ్వకపోతె అనుమానపడ్తరు అని తనకు తనే చెప్పుకున్నడు. అది నమ్మిండు గూడ.

పెండ్లయిన కాడికెల్లి రోజూ మొదటి గిన్నెల మొదటి గిలాస లిడియాది. పరదా కట్టినంక గూడ ఆ అలవాటు తప్పలే. గిరాకి రాకముందు ఆమె గిలాస నింపి పరదా కిందికెల్లి ఇచ్చేటోడు. ఫిబ్రవరిల ఒక పొద్దు పరదా జర పక్కకు జరిగి సందు పడ్డది. యేసుదాసు ఆ సందుల నుంచి చూసిండు. లిడియా ఆ గిలాస అందుకున్నది. మొఖంల ఏం లేదు, కోపం లేదు, అసహ్యం లేదు. బియ్యం కడిగిన నీళ్లు పారబోసినట్టు గిలాసలు కడిగే బకెట్ల వంచేసింది. గిలాస కడిగి బోర్లేసింది.

యేసుదాసు మర్నాడు కూడ చూసిండు. మూడోనాడు కూడ. నాలుగోనాడు మధ్యాహ్నం ఇంటికొచ్చి తానానికి పోతుంటె వంటింట్ల చాయ్ వాసన వచ్చింది. కొత్త గిన్నె ఒకటి, చిన్నది, పొయ్యి మీద ఉంది. పక్కన ఆరాధన గిలాస పట్టుకొని నిలవడ్డది. బాపును చూసి గిలాసను ఎనుకకు దాచింది. దాస్తుంటె చాయ్ ఒలికి గౌను మీద పడ్డది.

"మీ అవ్వ ఏరే పెట్టుకొమ్మన్నదా?" అని అడిగిండు.

ఆరాధన తల ఊపి అవతలికి పోయింది.

లిడియా వచ్చినంక ఆమె ముందట కూసున్నడు.

"నేను చేసింది తాగుత లేవు."

లిడియా అబద్ధం ఆడలే. "తాగుత లేను."

"ఎప్పటి సంది?"

"మచ్చ మణికట్టు దాక వచ్చినకాడికెల్లి."

"అంటుకోదని డాక్టరమ్మ చెప్తుంటె నువ్వే విన్నవ్. నా పక్కనే కూసున్నవ్."

"అంటుకుంటదా అంటుకోదా అని కాదు. అంటుకుంటదని నేను అనలే," లిడియా నేల దిక్కు చూసుకుంటా అన్నది. "అంటుకోదని నాకు తెల్సు. నా గొంతుకు తెల్వది. నోట్లకు తీస్కుంటె దిగుత లేదు. ఏం చేయాలె చెప్పు. నేను మంచిదాన్ని కాననుకో."

"ఊరందరికి పోస్తున్నవ్ గద."

"ఊరి గొంతుతోటి నాకేం పని," అన్నది. లేసి గిన్నెలు తోముకోను పోయింది.

యేసుదాసు రెండు దినాలు తినలే. మూడో దినం శనివారం, మార్కెట్‌కు పత్తి బండ్లు బాగ వచ్చిన రోజు. హోటల్ల జాగ లేక జనం రోడ్డు మీద నిలవడి తాగుతుండ్రు. అవతలి హోటల్ కెల్లి కరుణాకర్ చేతులు కట్టుకొని చూస్తుండు. యేసుదాసు ఆ పొద్దు ఎన్నడు లేనంత మంచిగ చేసిండు చాయ్. కొత్త అల్లం, సొంటి గూడ వేసిండు. కెటిలు మీద కెటిలు పోయింది. మల్లన్న రెండోసారి పోపిచ్చుకున్నడు. అందరి చేతులల్ల గిలాసలు ఉన్నయని చూసి, పరదా గుంజి కింద పడేసి, మసిలే గిన్నె ఎత్తుకొని యేసుదాసు ముందటికి వచ్చిండు.

తెల్లటి రెండు చేతులు గిన్నె చెవులను పట్టుకొని ఉన్నయి.

"మల్లన్నా, ఇంకింత పోయనా?" అన్నడు. "రెండు నెలల సంది మీరు తాగింది నేను చేసిందే. లిడియాకు చాయ్ పెట్టరాదు. అల్లం నలగ్గొట్టింది ఇవే, మసాలా చల్లింది ఇవే. నా చెయ్యి కన్న మంచిగున్నదన్నవ్ గద, అది గూడ నా చెయ్యే."

మల్లన్న చేతిల గిలాస కింద పడ్డది. ఆయన రోడ్డు పక్కకు పోయి వంగి కక్కిండు. ఆయనను చూసి ఇంకొకడు కక్కిండు. యేసుదాసు నవ్విండు. అన్ని నెలలల్ల ఆయన గొంతెత్తి నవ్వింది అదొక్కసారే. అప్పుడు అందరు ఒక్కసారి మీదికొచ్చిండ్రు. కాని యేసుదాసును ముట్టుకునే ధైర్యం ఎవలికి లేదు. ముట్టుకోకుంట కొట్టరాదు. అందుకే లిడియా మీదికి తిరిగిండ్రు. "మోసం చేస్తవా, ఎంగిలి కన్న అధ్వానమైంది తాపిస్తవా?" అని ఒకడు ఆమె జబ్బ పట్టుకొని గుంజిండు. ఇంకొకడు బల్లను తన్నిండు. యేసుదాసు గిన్నె పట్టుకొని ఆమెకు అడ్డం పోయిండు. బల్ల వచ్చి ఆయన మోకాలికి తాకింది. గిన్నె వంగింది. మసిలే చాయ్ అంత లిడియా పాదాల మీద పడ్డది.

ఆమె అరిచిన అరుపు మార్కెట్ల బండ్ల దాక వినవడ్డది.

దవాఖానకు తీస్కపోయింది కరుణాకర్. యేసుదాసు ఆటో ఎక్కబోతుంటె, "నువ్వు వద్దు తియ్ అన్నా, లొల్లి అయితది" అని ఆటోను పోనిచ్చిండు.

పది దినాలకు నాగయ్య ఇంట్ల కూసున్నరు అందరు. నాగయ్య, చాయ్ తాగినోళ్ల తరపున మల్లన్న, ఇద్దరు సంఘం పెద్దమనుషులు. లిడియా రెండు పాదాలకు కట్లు, కట్ల మీద పసుపుపచ్చ మందు మరకలు. ఆరాధన ఆమె పక్కన నిలవడ్డది. నాగయ్య లిడియాను అడిగిండు, ఎందుకిట్ల చేసినవమ్మా అని.

"నేను చేయలే. ఆయననే చేపిచ్చిండు," అన్నది లిడియా. "నేను వద్దన్న. కొట్టిండు. రోజూ కొట్టేటోడు. ఆ భయానికి చేసిన."

యేసుదాసు పందొమ్మిదేండ్లల్ల ఆమె మీద చెయ్యి లేపలే. ఆమె దిక్కు చూసిండు. ఆమె ఆయన దిక్కు చూడలే. ఆరాధన గోడ దిక్కు చూస్తుంది. అది అబద్ధమని ఆ పిల్లకు తెల్సు.

"నిజమేనా దాసూ?" అని అడిగిండు నాగయ్య.

కాదంటె ఇగ నిర్మల్ల ఆమెకు ఒక్క పని దొరకది, ఒక్క మనిషి మాట్లాడడు. పరదా గుంజేటప్పుడు ఇదంత ఆయనకు తెల్సు. తెల్సే గుంజిండు. ఇప్పుడు ఆ కట్ల మీది మరకల దిక్కు చూసిండు.

"అవు," అన్నడు.

"నువ్వింత చెడ్డోనివని అనుకోలే," అన్నడు మల్లన్న. ఆ మాట అన్నప్పుడు ఆయన మొఖంల నిమ్మలం కనవడ్డది. అన్ని దినాలు దాసును ఎందుకు దూరం పెట్టిండో చెప్పుకోను ఆయనకు ఒక మంచి కారణం దొరికింది. నాగయ్య ప్రార్థన చేసిండు. నయమైనదాక చర్చిల రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం బల్ల దగ్గరికి రావద్దని, షెడ్డు ఖాళీ చేయాలని ప్రార్థన అయినంక చెప్పిండు.

కట్లు ఇప్పినంక కరుణాకర్ లిడియాను తన హోటల్ల పెట్టుకున్నడు. తొడుగులు ఇచ్చిండు. కూసుండి చాయ్ పోసేటట్టు ఎత్తు కుర్చీ వేపిచ్చిండు. పాపం, మొగని దెబ్బలు తిన్న మనిషి అని జనం చాన మంచిగ మాట్లాడేటోళ్లు ఆమెతోటి. చాయ్ ఎట్లున్నా ఏం అనేటోళ్లు కాదు.

యేసుదాసు భైంసాకు పోయి జిన్నింగ్ మిల్లుల చేరిండు. దూది బేళ్లు కట్టే కాడ పని. ఆడ అందరి చేతులు దూది పట్టి తెల్లగనే ఉంటయి. పదింటికి చాయ్ వస్తది, పేపర్ కప్పులల్ల. ఒట్టి చక్కెర నీళ్లు. యేసుదాసు తీస్కుంటడు, తాగుతడు, కప్పు నలిపి పడేస్తడు. చాయ్ చేయొస్తదని ఆడ ఎవలికి చెప్పలే.

జూన్ల ఒకనాడు లిడియా వచ్చింది. మిల్లు గేటు కాడ వేపచెట్టు నీడకు నిలవడ్డది. నడుస్తుంటె ఎడమ కాలు జర గుంజుకపోతుంది. చెప్పులల్ల పాదాల తోలు గులాబీ రంగు తిరిగి ముడతలు పడ్డది. యేసుదాసు ఆ పాదాలు చూసి, చూడనట్టు ఉన్నడు.

"ఆరాధనను కరీంనగర్ కాలేజీల వేసిన. హాస్టల్ల ఉంటది," అన్నది.

"మంచి పని చేసినవ్."

"ఆడ అడిగిండ్రు, మీ బాపు ఏం చేస్తడని. మస్కట్ల ఉంటడని చెప్పినం."

"ఎవలు చెప్పిండ్రు, నువ్వా?"

"పిల్లనే చెప్పింది. నేను కాదనలే."

"మస్కట్ల ఏం చేస్తున్న అని చెప్పింది?"

"హోటల్ల చాయ్ మాస్టర్ అని."

గేటు లోపటికెల్లి పత్తి లారీ ఒకటి ఎల్లింది. ఇద్దరు పక్కకు జరిగిండ్రు. లారీ పోయినంక లిడియా కొంగుతోటి మొఖం తుడుచుకొని చెప్పింది.

"నువ్వు దాన్ని చూడను ఆడికి పోకు. ఫోన్ చెయ్యి. అది గూడ పొద్దుగాలనే చేయకు. మస్కట్ల టైం మనకన్న గంటన్నర ఎనుక ఉంటదట, కరుణాకర్ చెప్పిండు. ఆరింటికి చేస్తె మస్కట్ల నాలుగున్ననే అయితది, దాని రూంల పోరీలకు అనుమానం వస్తది."

"మరెప్పుడు చేయాలె?"

"ఎనిమిది దాటినంక."

"సరె," అన్నడు యేసుదాసు.

ఎనిమిదింటికి ఆయన మిల్లు లోపట ఉంటడు. మిషన్లు తిరుగుతుంటె పక్కోని మాట పక్కోనికి వినవడది. ఆ సంగతి చెప్పలే. నిర్మల్ బస్సు వచ్చింది. మెట్టు ఎత్తుగ ఉండి లిడియాకు కాలు లేవలే. ఆయన చెయ్యి చాపిండు. ఆమె ఆ చేతిని చూసి, తలుపు పక్కన ఇనుప కడ్డీని పట్టుకొని, రెండోసారికి ఎక్కింది.